పదమూడో గడి

ఒక్క ప్రశ్న అడుగుతాను, దాటవేయకుండా జవాబు చెప్పండి. ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పుడో ఒకసారి గెలుస్తాం కదా? ఆ ఒక్క గెలుపుతో పోయిందంతా తిరిగి వచ్చేస్తుంది కదా? మరి ఇందులో తప్పెక్కడుంది?

తెలిసినట్టు తల అడ్డంగా ఊపకండి. తప్పు లేదనే ఉసేనప్ప కూడా అనుకున్నాడు. అతను మనకంటే తెలివితక్కువవాడేం కాదు. పాలిటెక్నిక్‌లో లెక్కలకి నూటికి తొంభై ఆరు తెచ్చుకున్నవాడు. ఆ తొంభై ఆరే అతని కొంప ముంచబోయింది.

ఎర్రగుట్ట మీద ఒక చిన్న దర్గా ఉంది. కింది నుంచి నూట పది మెట్లు. పైన చుక్క నీరు లేదు. గుట్ట కింద చేతిపంపు కొట్టి, కావిడి కట్టుకుని మోసుకురావాలి. దర్గా చూసుకునే జమాల్ సాబ్‌కు డెబ్బై దాటాయి. ఒకప్పుడు వడ్రంగి. ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉంటుంది, మిగతా సగం ఎప్పుడో రంపం తీసుకుపోయింది. పెద్దగా మాట్లాడడు. ఎవరైనా దుఃఖంతో వస్తే టీ ఇస్తాడు. గర్వంతో వస్తే పని ఇస్తాడు.

ఉసేనప్ప మూడేళ్ల కిందట ఉరుసు చూడ్డానికి మెట్లెక్కి, మళ్లీ దిగలేదు. జమాల్ సాబ్‌ను సామీ అని పిలుస్తూ, నీళ్లు మోస్తూ, ఉరుసులో వంట చేస్తూ ఉండిపోయాడు.

ఆ వంట దగ్గరే అతనికి దెబ్బ తగిలింది. పోయినేడు పెద్ద రాగి డేగిశాకు లోపలి తగరపు పూత, అదే కళాయి, పోయిందని అందరికీ తెలుసు. "ఈ ఒక్కసారికి ఏం కాదులే" అన్నది అతనే. చింతపండు పులుసు రాగిని తాకింది, చిలుం దిగింది, సాయంత్రానికి నలభై మంది వాంతులు చేసుకున్నారు. ప్రాణాలకేం కాలేదు. కానీ ఒక ముసలమ్మ మెట్ల మీద కూలబడి, "దర్గా అన్నం తినికూడా ఇట్లయితే ఇంక యాడ తినాల నాయనా?" అని అడిగింది. తిట్టలేదు, శపించలేదు, అడిగింది అంతే. తిట్టినా బాగుండేదని ఉసేనప్ప ఏడాదిగా అనుకుంటున్నాడు.

ఈసారి ఉరుసు ఇంకా మూడు రోజులుందనగా కళాయి పెట్టే పీరాసాబ్ గుట్టెక్కి వచ్చాడు. డేగిశాలో తల దూర్చి చూశాడు. గోరుతో గీకాడు.

"తగరం ధర కొండెక్కి కూర్చుండాది అప్పా. ఈ పెద్దదానికి మూడువేల రెండొందలు అయితాది."

దర్గా కానుకల డబ్బాలో ఉన్నది రెండువేలు.

"రేపు సాయంత్రం మళ్లా వస్తా. దుడ్లుంటే పెడతా. లేకుంటే పక్కూరికి పోతా" అని పీరాసాబ్ దిగిపోయాడు.

పన్నెండువందలు తక్కువ. ఒక్క రోజు. ఆ ముసలమ్మ మళ్లీ వస్తుంది, ప్రతి ఏడూ వస్తుంది.

మామూలుగా అయితే ఉసేనప్ప కుమిలిపోయేవాడే. కానీ అతని జేబులో ఒక ఉపాయం ఉంది. అందుకే మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని మరీ గురువు దగ్గరికి వెళ్లాడు.

జమాల్ సాబ్ వేపచెట్టు నీడన కూర్చుని ఒడిలో ఒక పెద్ద చెక్కచక్రం బోర్లా పెట్టుకుని ఇరుసుకు నూనె పోస్తున్నాడు. చక్రం ఓబుళమ్మది. ఉరుసుకు వచ్చే జనం కోసం గుట్ట కింద చాప పరిచి రంగుల చక్రం ఆడిస్తుంది. ఆమె ఎదురుగా కూర్చుని వక్క నములుతోంది.

ఆ చక్రం మీకు చూపించాలి. పదమూడు గడులు. ఆరు ఎరుపు, ఆరు నలుపు, ఒక్కటి మాత్రం పచ్చది, దానిమీద చిలుక బొమ్మ. గడికి గడికి మధ్య మేకులు. చక్రం తిరుగుతుంటే ఒక తోలుముక్క ఆ మేకులకు టకటకమని కొట్టుకుంటూ చివరికి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎరుపు మీద పది పెట్టి ఎరుపు వస్తే ఇంకో పది. నలుపు మీద పెట్టి నలుపు వస్తే అంతే. చిలుక వస్తే చాప మీదున్నదంతా ఓబుళమ్మది.

"సామీ, ఒక మాట" అన్నాడు ఉసేనప్ప.

"చెప్పు."

"డబ్బాలో రెండువేలు తీసుకుని కిందికి పోయి చక్రం ఆడతా. సాయంత్రానికి మూడువేల రెండొందలు చేసుకొస్తా."

ఓబుళమ్మ వక్క నమలడం ఆపింది. "ఇదేంది జమాలన్నా, నీ శిష్యుడు మంచి మాట చెప్తాండాడే! రా అబ్బీ, నీలాంటోళ్ల కోసమే గదా నేను చాప పరిచేది."

"నవ్వులాట కాదక్కా. నా దగ్గర పద్ధతుంది." ఉసేనప్ప జేబులోంచి మడతలు పడ్డ నోటుపుస్తకం తీశాడు. "మొదట ఎరుపు మీద పది పెడతా. పోతే ఇరవై. అదీ పోతే నలభై. పోయినప్పుడల్లా రెట్టింపు. ఎరుపు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. వచ్చినప్పుడు పోయిందంతా వచ్చి పైన పది మిగులుతాది. మళ్లా పది నుంచి మొదలు. నూట ఇరవైసార్లు అట్ల చేస్తే పన్నెండువందలు."

"ఎవరు చెప్పినారు నీకు?"

"హాస్టల్లో నా రూమ్మేటు. పెద్ద పెద్ద ఊర్లలో రూలెట్ అని ఉంటాదంట. మేడల్లో, దీపాల కింద, కోట్లు తొడుక్కుని ఆడతారంట. ముప్పై ఆరు గడులు ఎరుపూ నలుపూ, ఇంకొకటి పచ్చది. అదీ ఇదీ ఒకటే సామీ, అక్కడ గోలీ ఉంటాది, ఇక్కడ తోలుముక్క. అంతే తేడా."

జమాల్ సాబ్ చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోశాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది.

"ఇందులో మోసమేమన్నా ఉందంటావా?" అని అడిగాడు.

ఉసేనప్ప ఓబుళమ్మ వైపు చూసి తడబడ్డాడు. "ఏమో సామీ... ఉంటే చెప్పండి."

"లేదు. ఇది చేసింది నేనే. నీటిచుక్క పెట్టి బరువు సరిచూసినా. గుండుసూదంత మోసం లేదు."

"అయితే గెలవొచ్చన్నమాట!"

"మోసం లేదు గాబట్టే గెలవలేవు అంటాండా."

ఉసేనప్పకు అర్థం కాలేదు. ఓబుళమ్మకు అయింది, ఆమె మళ్లీ వక్క నమలసాగింది.

"మొదట ఈ చక్రానికి పన్నెండే గడులు" అన్నాడు జమాల్ సాబ్, చక్రాన్ని వెల్లకిలా తిప్పి చిలుక మీద నూనె మరక తుడుస్తూ. "ఓబుళమ్మ మామ చేయించుకున్నాడు. నెల తర్వాత మళ్లా వచ్చినాడు. చక్రం బాగుందన్నా, కానీ ఇంట్లో పొయ్యి వెలగడం లేదు అన్నాడు. కొత్త పలక తెచ్చి పదమూడో గడి కోసిచ్చినా. మళ్లా ఆ మాట అనలేదు."

"ముప్పై ఏళ్లయె" అంది ఓబుళమ్మ. "పిల్లల పెళ్లిళ్లు కూడా ఆ చిలుకే చేసింది."

"ఒక్క గడే గదక్కా! పదమూడింట్లో ఒకటి. నా పద్ధతి ముందర ఆ చిలుకెంత?" ఉసేనప్ప నోటుపుస్తకం తెరిచాడు. "ఊరికే అనడంల్యా. పరీక్ష చేసినా. పదమూడు కుంకుడు గింజలు తీసుకుని ఆరింటికి ఎర్ర రంగు, ఒకదానికి పచ్చ రంగు పూసి సంచిలో వేసినా. చూడకుండా ఒక్కోటి తీసినా, మళ్లా లోపలేసి కలిపినా. ముప్పై తొమ్మిది రోజులు! ఒక్క రోజు కూడా నష్టం లేదు. కావాలంటే చూడండి."

జమాల్ సాబ్ చెయ్యి ఆగింది.

"ముప్పై తొమ్మిది రోజులా? ఎప్పుడు చేసినావు?"

ఉసేనప్ప నోటుపుస్తకం మూసేశాడు. ఈ మధ్యే అతను చిల్లా పట్టాడు. నలభై రోజులు గుట్ట గుహలో ఒంటరిగా కూర్చుని జపం చేసే దీక్ష అది. ముప్పై తొమ్మిదో రోజున జ్వరం వచ్చి లేచిపోయాడు.

"గుహలో చేసినావా?"

"సందు సందులో సామీ. జపం కూడా చేసినా."

"నువ్వు లోపల దేవుణ్ని తలుచుకుంటాండావని, ఆ ముప్పై తొమ్మిది రోజులూ నీళ్లు నేను మోసినా గదరా!"

ఓబుళమ్మ పగలబడి నవ్వింది. వక్క గొంతుకు అడ్డంపడి దగ్గింది. ఉసేనప్ప చెవులు ఎర్రబడ్డాయి. జమాల్ సాబ్ మాత్రం కోప్పడలేదు. చక్రం ఓబుళమ్మకు అప్పగించి లేచాడు.

"చిల్లా ఎన్ని రోజులు?"

"నలభై."

"ఇంకొక రోజు మిగిలింది. ఈ పొద్దు కూర్చో. సంచి తీసుకురా. నలభయ్యో రోజు కూడా నీదే అయితే, డబ్బా నీ చేతికిస్తా. పోయి ఆడుకో."

ఉసేనప్ప పరుగెత్తాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటాడని అతను అనుకోలేదు.

సంచి తెచ్చేసరికి జమాల్ సాబ్ నీళ్లతొట్టి పక్కన చాప పరిచి గులకరాళ్లు కుప్ప పోసి పెట్టాడు. సిమెంటు తొట్టి అడుగుదాకా ఎండి ఉంది. ఉరుసుకు అది నిండాలి. పక్కనే కావిడి, రెండు బిందెలు.

"కాగితం మీద పందెం ఏం పెట్టినావు?"

"పది రూపాయలు అని రాసుకున్నా."

"ఈ పొద్దు పందెం బిందె" అన్నాడు జమాల్ సాబ్. "ఎర్ర గింజ వస్తే నువ్వు గెలిచినట్టు. ఎన్ని బిందెలు కాసినావో అన్ని రాళ్లు నీవి. రాయికొక బిందె నీ బదులు నేను మోస్తా. నల్లదొచ్చినా పచ్చదొచ్చినా ఓడినట్టు. కాసినన్ని బిందెలు నువ్వు మోయాల. అప్పుడే మోయాల. ఓబుళమ్మ చాప మీద అప్పు లేదు గదా, ఇక్కడా లేదు."

"సరే సామీ." ఉసేనప్ప చేతులు రుద్దుకున్నాడు.

మొదటి గింజ ఎర్రది. ఒక రాయి.

రెండోదీ ఎర్రదే. ఇంకో రాయి. ఉసేనప్ప గురువు వైపు చూశాడు. గురువు గడ్డం గోక్కుంటున్నాడు.

మూడోసారి నలుపు. ఉసేనప్ప ఎగురుకుంటూ దిగి, ఒక బిందె తెచ్చి తొట్టిలో పోశాడు. రెండు బిందెలు కాశాడు. ఎర్రది! రెండు రాళ్లు.

"చూసినారా సామీ? ఒకటి మోసినా, రెండు వచ్చినాయి."

"చూసినా."

మళ్లీ నలుపు. ఒకటి మోశాడు. రెండు కాశాడు, ఈసారి పచ్చ. చిలుక. రెండు మోశాడు. నాలుగు కాశాడు. ఎర్రది!

చాప మీద ఎనిమిది రాళ్లయ్యాయి. మోసింది నాలుగే బిందెలు. ఎండ ఇంకా ముదరలేదు, ఉసేనప్పకు చెమట కూడా సరిగా పట్టలేదు. గుట్ట కింద ఓబుళమ్మ చక్రం టకటకలు వినిపిస్తున్నాయి. అతనికి ఆ చప్పుడు ఎవరో చప్పట్లు కొడుతున్నట్టుంది. మనసులోనే పీరాసాబ్ డేగిశాలో తగరం కరిగించేస్తున్నాడు, లోపలంతా వెండిలా మెరుస్తోంది.

"ఇంక డబ్బా ఇస్తారా?"

"పొద్దు ఇంకా ఎక్కనే లేదు. నీ పద్ధతి నూట ఇరవైసార్లంటివి గదా. నాలుగైనాయి."

ఐదోసారి మొదలైంది.

నలుపు. ఒకటి మోశాడు.

నలుపు. కావిడికి రెండువైపులా రెండు బిందెలు కట్టి ఒక్క విడతలో తెచ్చాడు.

నలుపు. నాలుగు. రెండుసార్లు దిగి, రెండుసార్లు ఎక్కాడు. చొక్కా వీపుకు అంటుకుంది. అయినా మొహంలో వెలుగు తగ్గలేదు. వచ్చి చాప మీద చతికిలబడి గట్టిగా నవ్వాడు.

"ఇప్పుడు చూడండి సామీ. వరసగా మూడు నలుపులు. ఇంక ఎరుపు రాక ఎక్కడికి పోతాది? ఎనిమిది కాస్తాండా!"

జమాల్ సాబ్ అతను తీసిన నల్ల గింజను అందుకుని, సంచిలో వేసి, మూతి పట్టుకుని గలగలా కలిపాడు. సంచిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఏం వింటాండారు సామీ?"

"పోయిన మూడుసార్లు ఏమొచ్చిందో లోపల ఎవరన్నా గుర్తు పెట్టుకున్నారేమోనని."

"పెట్టుకున్నారా?"

"ఏమీ మాట్లాడలేదు" అని సంచి ముందుకు జరిపాడు.

ఉసేనప్ప చెయ్యి పెట్టాడు. పచ్చ గింజ.

ఎనిమిది బిందెలు. నాలుగు విడతలు. మూడో విడతలో అరవయ్యో మెట్టు మీద ఆగాడు. అతనెప్పుడూ ఆగని మెట్టు అది. కావిడి బద్ద భుజం మీద ఎముకను వెతుక్కుంటోంది. పైకి వచ్చేసరికి జమాల్ సాబ్ రెండు రాగిపిండి రొట్టెలు, పచ్చడి పెట్టి ఉంచాడు. తిన్నాడు.  

"పదహారు" అన్నాడు ఉసేనప్ప. ఈసారి నవ్వలేదు. గింజను పిడికిట్లోనే ఉంచుకుని, కొంచెంసేపటికి విప్పి చూశాడు.

నలుపు.

పదహారు బిందెలంటే ఎనిమిది విడతలు. ఎనిమిదిసార్లు నూట పది మెట్లు. మీరు లెక్కపెట్టుకోండి, అతనైతే లెక్కపెట్టడం ఐదో విడతలో మానేశాడు. మెట్ల పక్కన బొరుగులు అమ్ముకునేవాళ్లు మొదట "ఉసేనప్పా, ఏంది ఈ పొద్దు ఇంత హుషారు?" అని ఎగతాళి చేశారు, తర్వాత జాలిపడి ఊరుకున్నారు. ఎనిమిదో విడత పోసి బిందె దించేసరికి పిక్కలు వాటంతటవే వణుకుతున్నాయి, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు.

చాప మీద కూర్చున్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు.

ఇప్పుడు పందెం ముప్పై రెండు.

పద్ధతి అదే చెబుతుంది. రెట్టింపు. ఎర్రది వస్తే మోసిన ముప్పై ఒకటీ వచ్చి, పైన ఒక బిందె. ఎర్రది రాకపోతే ముప్పై రెండు బిందెలు, పదహారు విడతలు. అప్పుడే. ఆ తర్వాతి పందెం అరవై నాలుగు.

వేళ్ల కింద గింజలు నున్నగా, చల్లగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

అప్పుడు అతనికి నోటుపుస్తకంలో పంతొమ్మిదో రోజు గుర్తొచ్చింది. ఆ రోజు వరసగా ఎనిమిదిసార్లు ఓడాడు. తొమ్మిదోసారి ఎర్రది వచ్చింది. చూశావా, చివరికి గెలిచాను అని గుహలో తన వీపు తానే తట్టుకున్నాడు. ఆ తొమ్మిదో పందెం రెండువేల ఐదువందల అరవై. ఆ అంకె రాయడానికి పెన్సిలుకు ఒక్క క్షణం పట్టింది. పెన్సిలు వణకలేదు. పెన్సిలుకు పిక్కలుండవు.

డబ్బాలో ఉన్నది రెండువేలు. పది, ఇరవై, నలభై, ఎనభై... ఏడుసార్లు ఓడితే పన్నెండువందల డెబ్బై పోతుంది. ఎనిమిదో పందేనికి పన్నెండువందల ఎనభై కావాలి. మిగిలేది ఏడువందల ముప్పై.

అంటే పంతొమ్మిదో రోజునే అతను మునిగిపోయాడు. కాగితం చెప్పలేదు, అంతే. ఆ తర్వాత ఇరవై రోజులు మునిగినవాడు కూర్చుని లాభాలు రాసుకున్నాడు. తొంభై ఆరు మార్కులవాడు! ఆ ముసలమ్మ ఏ డబ్బాలో రూపాయి వేసిందో, ఆ డబ్బా చంకలో పెట్టుకుని కిందికి దిగబోయాడు.

"తియ్యి" అన్నాడు జమాల్ సాబ్.

ఉసేనప్ప తియ్యలేదు.

"ఏమప్పా, పద్ధతి తియ్యమంటాది గదా."

ఉసేనప్ప తియ్యలేదు. చెయ్యి సంచిలోనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఓబుళమ్మ టెంకాయ, చక్కెర పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ప్రతి ఉరుసుకూ తెచ్చి ఫాతెహా చదివించుకుపోతుంది. నిండబోతున్న తొట్టిని చూసింది. చాప మీద మనిషిని చూసింది. సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎంతకొచ్చినావు అబ్బీ?"

"ముప్పై రెండు."

"ఓరి నీ!" అని ఆమె కూడా చాప అంచున కూర్చుంది. "నేనొక సంగతి చెప్పనా? పది రూపాయలు పెట్టి, పోతే నన్ను రెండు తిట్లు తిట్టి పోయేటోళ్లతో నాకు ఉప్పూ మిరపకాయా వస్తాది. అంతే. కాగితం పెన్సిలు పట్టుకుని వచ్చేటోడు ఒక్కడుంటాడు చూడు ప్రతి ఉరుసుకీ, వాడికి మాత్రం నేనే లేచి పీట వేస్తా."

"ఎందుకక్కా?"

"వాడు లేచిపోడు గాబట్టి."

 చివరి వాదన వదులుకోవడానికి మనసొప్పక ఉసేనప్ప అడిగాడు. మీలో కొందరి నాలుక చివర కూడా ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది.

"సామీ, నా కాళ్లు ఇంకా గట్టివైతే? వంద బిందెలు మోసేంత గట్టివైతే?"

"వంద మోస్తావు" అన్నాడు జమాల్ సాబ్. "గింజలు మాత్రం పదమూడే ఉంటాయి."

ఉసేనప్ప చెయ్యి బయటికి తీశాడు. ఖాళీ చెయ్యి.

జమాల్ సాబ్ చాప మీది ఎనిమిది రాళ్లనూ ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు. లేచి, కావిడి బద్ద భుజాన పెట్టుకున్నాడు.

"ఏం చేస్తాండారు సామీ?"

"ఎనిమిది గెలిచినావు. మోయాల గదా."

"వద్దు సామీ! ముప్పై తొమ్మిది రోజులు మోసినారు. చాలు."

"అది నీ జపానికి. ఇది నీ గెలుపుకి. గెలిచినోడికి ఇవ్వకుంటే అది మోసం అయితాది. నేను చేసిన చక్రంలో మోసం ఉందా?"

ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన మెట్లు దిగసాగాడు. ఉసేనప్ప వెనకే పరుగెత్తాడు. కావిడి లాక్కోబోతే ఇవ్వలేదు. చివరికి ఇద్దరి మధ్య రాజీ కుదిరింది. బద్దకు ఒక కొస గురువు భుజం మీద, ఇంకో కొస శిష్యుడి భుజం మీద, మధ్యలో రెండు బిందెలు. అట్లా నాలుగు విడతలు. ఒకరి అడుగు పొడుగు, ఒకరిది పొట్టి. నీళ్లు తొణికి మెట్లన్నీ తడిశాయి. బొరుగులవాళ్లు ఈసారి మనస్ఫూర్తిగా నవ్వారు. ఉసేనప్పకు కూడా నవ్వొచ్చింది.

నాలుగో విడత పోయగానే తొట్టి అంచుదాకా వచ్చి, ఒక పాయ పొర్లి, వేపచెట్టు మొదట్లోకి పోయింది.

సాయంత్రం పీరాసాబ్ వచ్చాడు. ఉసేనప్ప డబ్బా అతని ముందు పెట్టాడు.

"రెండువేలే ఉండాయి పీరన్నా. పెద్దది వద్దు, పక్కన పెట్టేస్తాం. చిన్న డేగిశాలు రెండున్నాయి. వాటికి పెడతావా?"

"రెంటికీ కలిపి పద్ధెనిమిదొందలు. కానీ చిన్నవాటిలో ఉరుసు జనానికి వండేదెట్లా?"

"మూడు వాయిలు వండుతాం. కడుక్కోను నీళ్లు కావాల్సినన్ని ఉండాయి."

పీరాసాబ్ బొగ్గుల మీద డేగిశా వేడిచేసి, నవసాగరం చల్లి, తగరం ముక్క వేసి దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. నల్లటి లోపలంతా చంద్రుడు పొడిచినట్టు తెల్లబడింది. ఉసేనప్ప దానిలో తన మొహం చూసుకున్నాడు. అలిసిపోయిన మొహమే, కానీ చూడబుద్ధి అవుతోంది.

ఉరుసు రోజున బంతి సాగడానికి మామూలుకన్నా రెండు గంటలు ఎక్కువ పట్టింది. కొంతమంది గొణిగారు. "ఏందప్పా ఈ చిన్న చిన్న గిన్నెలు, పెద్ద డేగిశా అమ్ముకున్నారా?" అన్నవాడొకడు. ఉసేనప్ప నవ్వి, అతనికే ఒక గరిటె ఎక్కువ వేశాడు.

ముసలమ్మ మూడో వాయికి వచ్చింది. అతన్ని గుర్తుపట్టింది. ఆకు ముందు కూర్చుని, మొదటి ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఉసేనప్ప గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆమె తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. ఆకు ఖాళీ అయ్యాక తలెత్తింది.

"పులుసు ఇంకొంచెం పెట్టు నాయనా" అంది.

అందరి తిండీ అయ్యాక డేగిశాలు కడుగుతూ ఉసేనప్ప అడిగాడు.

"సామీ, ఆ రోజు నేను ముప్పై అయిదు మోసినా. ఎనిమిది గెలిచినా. మధ్యలో లేచిపోయినా. ఇంతకీ గెలిచిందెవరు?"

జమాల్ సాబ్ చెంబు ముంచి అతని చేతుల మీద నీళ్లు పోశాడు.

"తొట్టి నిండింది" అన్నాడు.

విన్నారు కదా. ఇప్పుడు మీరొక పని చేయండి. గుట్ట కింద చక్రమైనా సరే, మీ ఫోన్లో తిరిగే చక్రమైనా సరే, దాన్ని ముట్టుకునే ముందు పదమూడు గింజలు తీసుకోండి. ఆరింటికి ఎర్ర రంగు, ఒకదానికి పచ్చ రంగు పూసి సంచిలో వేయండి. పెన్సిలు మాత్రం అవతల పెట్టండి. ఒక బిందె తెచ్చుకోండి. ఓడినప్పుడల్లా మోయండి. ఇవాళే.